తండ్రి జాడ

వై క్రోమోజోము గురించి రాయబోయే స్త్రీ ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. అది ఆమె ఒంట్లో లేదు. తండ్రి నుంచి కొడుక్కి, ఆ కొడుకు నుంచి అతని కొడుక్కి దాదాపు మార్పు లేకుండా చేతులు మారే ఆస్తి అది. ఎప్పుడో ఒకసారి అందులో ఒక అక్షరం మారుతుంది. ఆ మారిన అక్షరం తర్వాతి మగసంతానమంతటికీ ముద్రలా మిగిలిపోతుంది. ఆ ముద్రల్ని పోల్చి చూసి, ఒక కులం, ఒక తెగ, ఒక ప్రాంతపు జనం ఏ మగవాళ్ళ సంతతో శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. పత్రికలు దాన్ని "మన మూలాలు" అని శీర్షిక పెట్టి వేస్తాయి. ఆ "మన"లో నేనెక్కడ ఉన్నానన్నది నా ప్రశ్న.

లెక్క సులభమే. పది తరాలు వెనక్కి వెళితే ఒక మనిషికి 1024 మంది పూర్వీకుల స్థానాలు తేలతాయి. సగం ఆడ, సగం మగ. వై క్రోమోజోము వాళ్ళలో ఒకే ఒక్క మగవాడి జాడ చెబుతుంది. మిగిలిన 511 మంది మగవాళ్ళూ, 512 మంది ఆడవాళ్ళూ దానికి కనబడరు. తల్లి నుంచి పిల్లలందరికీ వచ్చి, కూతుళ్ళ ద్వారా మాత్రమే ముందుకు సాగే మైటోకాండ్రియా డీఎన్ఏ ఇంకొక్కరి జాడ చెబుతుంది. వెయ్యిమందిలో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరి దారికి వంశం అని పేరు పెట్టుకున్నాం. రెండో దారికి మన భాషలో పేరే లేదు. మూలపురుషుడు ఉన్నాడు, మూలస్త్రీ లేదు.

మా రాయలసీమలో ఈ లెక్క ఇంత సాఫీగా కూడా నడవదు. మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే ఏమవుతుందో ఒకసారి కాగితం మీద గీసి చూడండి. మేనమామకు తన తల్లి మైటోకాండ్రియా వచ్చింది. పెళ్ళికూతురికీ ఆ తల్లిదే, తన అమ్మ ద్వారా వచ్చింది. వాళ్ళకు పుట్టిన బిడ్డకూ అదే. అంటే ఆ ఇంట్లో తండ్రీ తల్లీ బిడ్డలూ అందరూ ఒకే ముసలమ్మ గుర్తును మోస్తుంటారు. కానీ ఆ ఇంటిని "ఫలానా ముసలమ్మ సంతతి" అని ఎవరైనా అన్నారా?

మా అన్న కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. అక్కడ ఒక కంపెనీకి గొట్టంలో ఉమ్మి నింపి పంపించాడు. కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. తండ్రివైపు శాఖ హెచ్. దక్షిణ భారతంలో చాలామంది మగవాళ్ళలో కనబడే శాఖే అది. వాడు దాన్ని మా ఇంటిపేరుతో కలిపి, "మనవాళ్ళ పుట్టుక ఇదీ" అని బంధువులందరికీ పంపాడు. గోరంట్లలో ఇంటిదగ్గర ఫోనులో ఆ బొమ్మను, బాణం గుర్తుల్ని మా అమ్మకు చూపించారు. ఎనభై దాటిన మనిషి, కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఇది మీ తాత వాళ్ళ ఊరి సంగతి గదా. అంత దుడ్డు పెట్టి తెలుసుకునేదేముంది? నన్నడిగింటే ఊరికే చెప్తాంటి కదప్పా" అంది.

విషయమేమిటంటే మా తాత ఇల్లటం వచ్చినాయన. చిత్రావతి అవతలి ఊరి నుంచి వచ్చాడు. పొలం, ఇల్లు, ఇంటి దేవర, అన్నీ మా అవ్వవే. చాలా ఇళ్ళలో ఇల్లటపల్లుడి ఇంటిపేరే పిల్లలకు వస్తుంది. మా ఇంట్లో మాత్రం ఊరు అవ్వవాళ్ళ ఇంటిపేరుతోనే పిలిచి పిలిచి, అదే బళ్ళోనూ పట్టాపుస్తకంలోనూ ఎక్కింది. అంటే మావాడు గర్వంగా పంచిన ఆ ఫలితానికీ, దానిపైన రాసుకున్న ఇంటిపేరుకూ సంబంధమే లేదు. ఆ ఇంటిపేరును ఈ తరందాకా తెచ్చింది ఒక ఆడమనిషి. ఆమె ఉమ్మినా, ఆమె కూతుళ్ళ ఉమ్మినా ఎన్ని గొట్టాలు నింపినా ఆ పరీక్షలో తండ్రి వరుస ఖాళీగానే వస్తుంది. మా అన్న కూతురు, కాలేజీ పిల్ల, నాకు ఫోను చేసి "నాకు ఆ శాఖ రావాలంటే తమ్ముడిదే అడుక్కోవాలా అత్తా?" అంది. అవును, అంతే. ఆడపిల్ల తన తండ్రి వంశపు జాడ కావాలంటే తండ్రినో, అన్నదమ్ముల్నో అడగాలి. భూమి విషయంలో మా తరం అనుభవించిందే ఇది. తెలుగునాట 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళను గుమ్మం బయట నిలబెట్టింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. తండ్రి ఆనాటికి బతికున్నాడా లేదా అన్న తగువు తేలడానికి 2020లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. వంశం అన్న మాటను ఎప్పుడు విప్పి చూసినా అడుగున పొలం గట్టు కనబడుతుంది నాకు.

ఈ శాస్త్రానికి తెలుగు నేలతో చాలా దగ్గరి సంబంధం ఉంది. కులం గురించి మొదటి తరం జన్యు పరిశోధనల్లో పేరుపడ్డవి కోస్తా తెలుగువాళ్ళ రక్తం మీదే జరిగాయి. 1998లో నేచర్ పత్రికలో రెండు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ బంషాద్, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు కలిసి రాశారు. ఆడవాళ్ళ జన్యు ప్రవాహమే హిందూ కులాలను అంతస్తులుగా పేర్చిందని దాని శీర్షిక భావం. తల్లివైపు గుర్తుల్లో పక్కపక్క అంతస్తుల కులాలు దగ్గరగా, దూరపు అంతస్తులవి దూరంగా ఉన్నాయి. తండ్రివైపు గుర్తుల్లో ఆ వరుస లేదు. దీన్నుంచి వాళ్ళు చెప్పిందేమిటంటే, కింది కులం నుంచి పై కులంలోకి ఆడవాళ్ళు వెళ్ళగలిగారు, మగవాళ్ళు వెళ్ళలేదు.

"వెళ్ళగలిగారు" అన్న క్రియాపదం దగ్గర నేను ఆగిపోతాను. మనుస్మృతి చదివిన ఎవరికైనా ఇందులో కొత్త ఏమీ లేదు. పైకులపు మగవాడు కింది కులపు ఆడదాన్ని తెచ్చుకుంటే అనులోమం, సహించదగింది. అటునుంచి ఇటు జరిగితే ప్రతిలోమం, శిక్షించదగింది. ప్రయోగశాల ఆ నియమం ఎంత గట్టిగా అమలయిందో కొలిచి చూపింది. కానీ ఆమె ఎలా వెళ్ళింది? పెళ్ళిచేసుకునా, ఉంపుడుగత్తెగానా, అప్పు కింద జమగానా, పొలంలో ఎవరూ లేని మధ్యాహ్నమా? మైటోకాండ్రియాలోని 16,569 అక్షరాల్లో ఈ సంగతి రాసి ఉండదు. ప్రేమకూ బలాత్కారానికీ అక్కడ ఒకటే గుర్తు. ప్రవాహం అన్న మాట మాత్రం నీళ్ళు పల్లానికి పారినంత సహజంగా వినబడుతుంది. ఇక్కడ నీళ్ళు ఎత్తుకు పారాయి గనక తోడినవాడెవడో అడగాలి కదా.

2001లో అదే బృందం జీనోమ్ రీసెర్చ్‌లో మరింత పెద్ద వ్యాసం వేసింది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, కాపు, యాదవ, రెల్లి, మాల, మాదిగ కులాల నుంచి సుమారు 265 మంది. తల్లివైపు గుర్తుల్లో అన్ని కులాలూ ఆసియా జనాలకు దగ్గర. తండ్రివైపు గుర్తుల్లో యూరపు జనాలకు దగ్గర, పై కులాలకు వెళ్ళేకొద్దీ ఆ దగ్గరితనం ఎక్కువ. దీనిమీద ఆర్యుల వాదం మళ్ళీ ఎంత రాజుకుందో ఆనాటి పత్రికలు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తర్వాత కథ ఇంకొంచెం చిక్కుపడింది. ఆర్1ఎ అనే శాఖ బ్రాహ్మణ పురుషుల్లో ఎక్కువగా కనబడుతుంది. 2003లో వచ్చిన మరో పరిశోధన అదే శాఖను నల్లమల చెంచుల్లోనూ చూపించింది. 2019లో ప్రాచీన అస్థికల డీఎన్ఏతో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల సంతతి క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో ఇక్కడికి చేరిందనీ, దక్షిణాసియాలో దాన్ని ఎక్కువగా మోసుకొచ్చింది మగవాళ్ళేననీ చెప్పింది. ఇవన్నీ ముఖ్యమైన సంగతులే. నా కన్ను మాత్రం 2001 నాటి వ్యాసంలో ఒక చిన్న మాట మీద పడింది. ఆ 265 మందీ మగవాళ్ళే. తల్లుల చరిత్ర కూడా కొడుకుల రక్తంలోంచే తీశారు. శాస్త్రంగా చూస్తే అది సౌకర్యం. ఒక్క మగవాడి దగ్గర రెండు దారులూ దొరుకుతాయి, ఆడమనిషి దగ్గర ఒకటే. తప్పు పట్టడానికేమీ లేదు. అయినా తల్లి గురించి చెప్పడానికి తల్లిని పిలవక్కర్లేకపోయిన ఒక సందర్భంగా నాకది గుర్తుండిపోయింది.

అంతస్తులు ఒక సంగతి, వాటి మధ్య గోడలు ఇంకో సంగతి. 2009లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ మొదలైనవాళ్ళు 25 భారతీయ జనసమూహాల మీద చేసిన పని బయటికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో రెండు మూడు వేల ఏళ్ళుగా బయటి రక్తం దాదాపు రాలేదని అందులో తేలింది. 2013లో వచ్చిన మరో వ్యాసం ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఇక్కడి జనాలు విస్తారంగా కలిశారు, ఆ తర్వాత కలవడం ఆగిపోయింది. అంటే కులం అనాది కాదు. ఒకప్పుడు తలుపు తెరిచే ఉంది, దాన్ని ఎవరో మూశారు.

మూసింది ఎలాగో 1916 మేలోనే అంబేద్కర్ చెప్పాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో, కులమంటే అంతర్వివాహం, అంతర్వివాహం నిలబడాలంటే లోపల "మిగిలిపోయిన" ఆడదాన్ని ఏదో ఒకటి చెయ్యాలి, సతీసహగమనం, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం అందుకు వచ్చినవే అన్నాడు. అప్పటికి డీఎన్ఏ ఆకారమే తెలియదు ఎవరికీ. రెండువేల ఏళ్ళ అంతర్వివాహం అని జన్యుపటంలో కనబడే ఆ గీత వెనుక గుండు గీయించుకున్న మేనత్తలు, పదేళ్ళకు పెళ్ళయిన అమ్మమ్మలు ఉన్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట గర్భిణి భార్య ఎదుటే పెరుమాళ్ళ ప్రణయ్‌ను నరికి చంపడం ఆ గీతకు కొనసాగింపే. ఆ హత్యకు కిరాయి మాట్లాడింది అమ్మాయి తండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మన పూర్వీకులు ఎవరన్న ప్రశ్న అమాయకంగా కనబడుతుంది గానీ, రేపు ఈ ఇంట్లో ఎవరి బిడ్డ పుట్టాలన్న ప్రశ్నతో దానికి బొడ్డుతాడు తెగలేదు.

ఇక మా ప్రాంతం సంగతి. అనంతపురం, బళ్ళారి సీమల్లో బసివి ఆచారం ఉండేది. బోయలూ మరికొన్ని కులాల్లో మగపిల్లలు లేని తండ్రి కూతురిని దేవుడికి వదిలేవాడు. ఆమెకు పెళ్ళి లేదు. కొడుకులాగే తండ్రి ఆస్తికి వారసురాలు, తండ్రికి కర్మ చేసే హక్కూ ఉంది. ఆమె పిల్లలు ఆమె తండ్రి ఇంటిపేరుతో, ఆ ఇంటి వారసులుగా పెరిగేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఫాసెట్ అనే ఇంగ్లీషు పోలీసు అధికారి దీనిమీద వ్యాసం రాసి, వీళ్ళు పురుషుల అధికారాలు పొందే స్త్రీలని వర్ణించాడు. 1909లో థర్‌స్టన్ సంపుటాల్లోనూ ఈ ఆచారం ఉంది. పురుషుల అధికారాలు! ఆ అధికారం వెల ఎంతో ఆ స్త్రీలనడిగితే తెలిసేది. దేవుడి పేరు చెప్పి ఊళ్ళో పెద్దలకు అందుబాటులో ఉంచిన శరీరం అది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది, తేవలసిందే. నేను బసివి ఆచారాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ పితృవంశం అనే భవనానికి లోపలి నుంచి పెట్టిన ఊతకర్రలెలాంటివో దాని వల్ల తెలుస్తుంది. కొడుకు లేకపోతే కూతురినే కొడుకుగా మార్చి, ఆమె ఎవరికి కన్నా తండ్రి ఇంటిపేరు పెట్టుకుని వంశం నిలిచిందనుకున్నారు. వాళ్ళకు కావలసింది పేరూ పొలమూ పిండమూ. రక్తం ఎవరిదైనా ఫరవాలేదన్నమాట. రక్తం గురించి అంత పట్టుదల పట్టే సమాజమే అవసరమైనచోట దాన్ని ఎంత తేలిగ్గా వదిలేసిందో చూడండి.

ఇల్లటం, దత్తత, బసివి. మూడు ఆచారాలూ తండ్రి గొలుసును పైకి అఖండంగా చూపిస్తూ లోపల తెంపినవే. పల్లెల్లో రెడ్ల ఇంటిపేర్లూ గోత్రాలూ పాడి చెప్పే పిచ్చికుంట్లవాళ్ళు చెప్పే వంశం ఒకటి, రేపెవరైనా అదే ఇళ్ళలో మగవాళ్ళ ఉమ్మి తీస్తే వచ్చే వంశం ఇంకొకటి. ఇలా పేరుకూ వై క్రోమోజోముకూ పొంతన లేని చోటును ఇంగ్లీషు శాస్త్రగ్రంథాల్లో నాన్ పేటర్నిటీ ఈవెంట్ అంటారు. పితృత్వం లేని సంఘటనట! తల్లి ఎక్కడా పోలేదు, బిడ్డ పుట్టింది, పెరిగింది, పొలం దున్నింది. అయినా దాని పేరు "లేకపోవడం". పశ్చిమ యూరపులో గత కొన్ని శతాబ్దాల్లో ఇది తరానికి ఒక శాతం దరిదాపుల్లోనే ఉందని లెక్కలు చెబుతున్నాయి. నమీబియాలోని హింబా పశుపాలకుల్లో 2020లో చూస్తే దాదాపు సగం, 48 శాతం. అక్కడ భార్యకూ భర్తకూ ఇద్దరికీ ఆ సంగతి తెలుసు, బిడ్డకు తండ్రి భర్తే, ఎవరి కొంపా మునగలేదు. మునగడం మునగకపోవడం క్రోమోజోము మీద ఆధారపడి లేదని అర్థమవుతోంది.

ఉపనిషత్తు కాలం నుంచీ మనల్ని వెంటాడుతున్న కథ ఒకటుంది. సత్యకాముడు గోత్రమేమిటని అమ్మనడుగుతాడు. యవ్వనంలో చాలామందికి సేవచేస్తూ నిన్ను కన్నాను, గోత్రం తెలియదు, నా పేరు జబాల గనక నువ్వు సత్యకామ జాబాలుడివని చెప్పుకో అంటుంది. స్త్రీవాదులు ఈ తల్లిని ఎన్నిసార్లో తలుచుకున్నారు. నాకు మాత్రం గురువు గౌతముడి జవాబు ఎక్కువ ఆశ్చర్యం. ఇంత నిజం బ్రాహ్మణుడు తప్ప మరొకడు చెప్పలేడన్నాడాయన. చూశారా, తల్లి చెప్పిన నిజాన్ని కనబడని తండ్రి ఖాతాలో జమచేశాడు. పుస్తకాల్లో దొరికే మొదటి పితృత్వ పరీక్ష ఇదేనేమో! నిజం చెప్పింది జబాల, ఆ కుర్రాడు అప్పజెప్పాడంతే.

ఈ శాస్త్రపు భాషలో ఇంకో పదం "విజయం". 2003లో ఒక పరిశోధన కాస్పియన్ నుంచి పసిఫిక్ దాకా పరుచుకున్న ప్రాంతంలో ఎనిమిది శాతం మగవాళ్ళు ఒకే వై శాఖకు చెందినవారని చెప్పి, దాన్ని చెంగిజ్ ఖాన్ వంశానికి ముడిపెట్టింది. ఇలాంటి వ్యాప్తికి సంతానోత్పత్తిలో విజయం అని పేరు. కొలంబియా దేశంలో అంటియోకియా ప్రాంతంలో తండ్రివైపు గుర్తులు 94 శాతం యూరపువి, తల్లివైపు గుర్తులు 90 శాతం ఆదివాసులవి. ఒకే జనం, ఒకే మనుషులు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెడితే స్పెయిన్ ఆక్రమణ చరిత్ర పుస్తకం అక్కర్లేకుండానే చదవవచ్చు. ఆదివాసీ మగవాళ్ళు ఏమయ్యారు? ఆడవాళ్ళు ఎవరి ఇళ్ళలో కన్నారు? దీన్ని విజయమనాలంటే గెలిచినవాడి పక్కన నిలబడి లెక్కపెట్టాలి.

అలాగని ఈ విద్యను అవతల పారేద్దామా? అలా అనడానికి నాకు నోరు రాదు. శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీ పిల్లలకు తండ్రి అమెరికా అధ్యక్షుడు జెఫర్సనే అని ఆమె సంతతివాళ్ళు దాదాపు రెండు వందల ఏళ్ళు చెబుతూ వచ్చారు. చరిత్రకారులు నమ్మలేదు. జెఫర్సన్‌కు భార్య ద్వారా బతికి బట్టకట్టిన కొడుకులు లేరు గనక ఆయన పెదనాన్న మగసంతతి రక్తంతో పోల్చారు. 1998లో శాలీ చిన్న కొడుకు సంతతికి ఆ వై క్రోమోజోము సరిపోయింది. ఏ మగ గొలుసు ఆమెను చరిత్రలోంచి తుడిచేసిందో ఆ గొలుసే సాక్ష్యం చెప్పింది. అర్జెంటీనాలో సైనిక పాలకులు చంపిన తల్లుల పసిబిడ్డల్ని దొంగిలించి పెంపకానికి ఇచ్చేశారు. వాళ్ళ అవ్వలు మేయ్ మైదానంలో నిలబడి, మా మనవళ్ళని నిరూపించే పద్ధతి చెప్పమని శాస్త్రజ్ఞుల్ని అడిగారు. మేరీ క్లెయిర్ కింగ్ అనే జన్యుశాస్త్రజ్ఞురాలు 1984 నుంచి వాళ్ళతో పనిచేసింది. తల్లీతండ్రీ ఇద్దరూ లేనిచోట అవ్వ నుంచి నేరుగా దిగివచ్చే మైటోకాండ్రియా ఆధారమైంది. ఇప్పటిదాకా 130 మందికి పైగా దొరికారు. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు అవ్వతనపు సూచిక. మన భాషలో లేదన్న ఆ పేరు అక్కడ ముసలమ్మలు పెట్టారు.

మన దగ్గర 2012లో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరీక్ష మాజీ గవర్నరు ఎన్.డి. తివారీ రోహిత్ శేఖర్‌కు తండ్రి అని తేల్చింది. ఆ తల్లి ఏళ్ళ తరబడి చెప్పిన మాట సరిపోలేదు, ఒక గొట్టం రక్తం సరిపోయింది. అదే పరీక్షను భార్య మీద వ్యభిచారం మోపడానికి అడిగే భర్తలూ ఉన్నారు. బిడ్డలకు మామూలుగా ఈ పరీక్ష చేయించరాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకచోట స్త్రీ మాటకు బలం, ఇంకోచోట ఆమె మెడకు ఉచ్చు. ఎవరు అడుగుతున్నారు, ఎవరి రక్తం, ఏం తేలితే ఎవరికి లాభం, ఇవి తెలుసుకోకుండా ఈ పరీక్ష మంచిదా చెడ్డదా అనడం నావల్ల కాదు.

మా అన్న కూతురు తమ్ముడి ఉమ్మి అడగలేదు. నోటు పుస్తకంలో ఎడమవైపు నాయన, తాత, ముత్తాత అని మొదలుపెట్టి మగవాళ్ళ పేర్లు రాసింది. మా అమ్మ గడగడా ఏడు తరాలు చెప్పేసింది. కుడివైపు అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి అని రాసింది. మూడో పేరు దాకా ఎలాగో వచ్చింది. నాలుగో ఆమె పేరు మా అమ్మకు తెలియదు. అత్తింట్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదట, పుట్టిన ఊరితోనే పిలిచేవారట. పిల్ల కాసేపు ఆలోచించి ఆ గడిలో "కదిరామె" అని రాసుకుంది.